అరచేతికి మరిగిన ఎర్రపుంజు

పొద్దున్నే స్టీలు గ్లాసు మీద చెంచాతో మూడు దెబ్బలు కొడితే మా పెరట్లో ముందు ఎవరొస్తారు? కోళ్లనుకుంటారు. కాదు, బాతులు. ఒళ్లంతా ఊపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తాయి. వాటి వెనక గిన్నీకోళ్లు చింతకొమ్మ మీది నుంచి అరుచుకుంటూ దిగుతాయి. పిలిచారు కాబట్టి వచ్చాం, లేకపోతే మాకేం పని అన్నట్టు ఆఖర్న నాటుకోళ్లు వస్తాయి. నల్లకోళ్లయితే గోడ నీడలోంచి కదలనే కదలవు, మేతే వాటి దగ్గరికి వెళ్లాలి. ఇలా ఎందుకని ఏళ్లుగా చూస్తున్నాను. ఇప్పటికీ సగమే తెలిసింది.

ఎవరైనా ఒక మాట చెబితే నమ్మి ఊరుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. ఎందుకు అని అడగాలి, వాళ్లు చెప్పకపోతే నేనే చేసి చూడాలి. మా అమ్మ ఈ గుణానికి చాలా పేర్లు పెట్టింది, అందులో మంచి పేరు ఒక్కటీ లేదు. ఆ గుణంతోనే ఒకసారి పక్కింటి వాళ్లందరినీ ఏడిపించినంత పని చేశాను.

మాది పామేడు దగ్గర చిన్న ఊరు. నేను పుట్టింది రాష్ట్ర సరిహద్దు అవతల, చర్ల వైపు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన కొత్తలో నోరు విప్పాలంటే భయమేసేది. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతలో గోండీ, కాగితం మీద సంతకం పెట్టాలంటే హిందీ. అత్తగారు లేని ఇల్లు. మా ఆయన తెల్లారకముందే పొలానికి పోతే మాట్లాడడానికి గోడలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. మా పుట్టింట్లో కోడి అంటే కూరే గాని పెంచడం తెలియదు. ఇంత పెరట్లో ఏం చేయాలో తోచక చీపురుతో ఊడ్చిందే ఊడ్చేదాన్ని.

ఒకరోజు పక్కింటి దోర్ల తెగ ముసలామె చంకలో కోడిపెట్టను పెట్టుకుని తడిక తోసుకుని వచ్చింది. ఊళ్లో అందరూ ఆమెను అవ్వ అనే అంటారు.

"ఏంది పిల్లా, ఇంత పెరడు పెట్టుకొని ఒక్క కోడి లేకపోతే ఎట్ల? ఇంద, దీన్ని పాలుకు పెంచు" అంది.

పాలుకు పెంచడమంటే ఏమిటో ఆరోజు ఆమే కూర్చోబెట్టి చెప్పింది. పెట్ట ఆమెదే. మేత, గంప, కాపలా నావి. పొదిగిన పిల్లలు ఇద్దరికీ చెరిసగం. అయితే పుట్టగానే పంచుకోరు. తురాయి లేచి, పుంజేదో పెట్టేదో తెలిశాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఆమె ఒకటి, నేను ఒకటి ఏరుకోవాలి. అప్పటిదాకా ప్రతి పిల్లా ఇద్దరిదీ. గద్ద ఎత్తుకుపోయినా ఇద్దరికీ పోయినట్టే. ఎంత తేలికైన ఏర్పాటు అనుకున్నాను. దాని లోతు తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ ఒక్క పెట్టతో మొదలైన మంద చూస్తూండగానే కలగాపులగమైంది. మా ఆయన సంతకు ఉప్పు కోసం వెళ్లి నాలుగు బాతుపిల్లలను పట్టుకొచ్చాడు. ఎందుకయ్యా అంటే, "బాగున్నయిలే" అన్నాడు. తర్వాత పశువుల ఆసుపత్రి నుంచి ఒకాయన బండి మీద వచ్చి, సర్కారు తరఫున అని నల్లకోడి పిల్లలనూ గిన్నీకోడి పిల్లలనూ ఇచ్చి, ఒక బస్తా దానా కూడా దింపాడు. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని హిందీలో చెప్పాడు. నేను బుద్ధిమంతురాలిలా తల ఊపాను. ఆయన బండి మలుపు తిరగగానే నా సొంత ప్రయోగాలు మొదలుపెట్టాను.

మొదటి ప్రయోగం అందరికీ ఒకే పళ్లెం. నూకలు, తవుడు, దానా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోశాను. బాతులు నోటినిండా నీళ్లు తెచ్చి అందులో కక్కి, ముక్కులతో కలియబెట్టి జావ చేసి పెట్టాయి. కోళ్లు ఆ జావను ఒకసారి చూసి, నన్నొకసారి చూసి వెళ్లిపోయాయి. సాయంత్రానికి పులిసిన కంపు. రెండో రోజు బాతులకు తడి మేత అటు చివర, కోళ్లకు పొడి మేత ఇటు చివర పెట్టాను. బాతులు తమది తిని, మూతి కడుక్కోవడానికి నీళ్ల తొట్టి దాకా పోవడం దండగనుకున్నాయో ఏమో, కోళ్ల పళ్లెంలో కడుక్కున్నాయి. ఆరోజు నేను బాతులను తిట్టిన తిట్లు విని మా ఆయన, "వాటికి తెలుగు రాదే" అన్నాడు. చివరికి గెలిచింది నేనే. కోళ్ల మేతను రెండిటుకల ఎత్తున పెడితే పొట్టి కాళ్ల బాతుకు అందదు. ఈ సంగతి కనిపెట్టిన రోజు ఊరందరికీ చెప్పి వచ్చాను. అందరికీ ముందే తెలుసట.

చిన్నపిల్లల మేత మాత్రం అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. పగిలిన కుండలో ఎండు పేడ, గడ్డి కూరి, నీళ్లు చిలకరించి, చెదపుట్ట పక్కన బోర్లించాలి. మర్నాడు పొద్దున కుండ తిరగేస్తే గడ్డి కనబడదు, తెల్లగా చెదలే కదులుతుంటాయి. కోడిపిల్లల ముందు దులిపితే అవి తినే జోరు చూసి తీరాలి. దానా బస్తా ఇచ్చినాయన మళ్లీ వచ్చినప్పుడు ఆ కుండ చూపించాను. ఆయన కిందికి వంగి చాలాసేపు చూసి, ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లాడు. నాకెంత గర్వమో, ఆ కుండ పద్ధతి నేనే పుట్టించినట్టు.

ఆ ఏడు వర్షాలు వెళ్లాక పాలు పెట్ట తొమ్మిది పిల్లలు చేసింది. అప్పటికే అవ్వ కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. అంతకుముందు రెండు కాన్పులు. ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఒకరు పుట్టిన రోజే, ఇంకొకరు నెల తిరక్కుండానే పోయారు. అవ్వ కూతురు మా తడిక దగ్గర కూర్చుని కోళ్లను చూసేది. మాట్లాడేది కాదు. ఆమెను ఒంటరిగా ఎక్కువసేపు అక్కడ కూర్చోనిచ్చేదాన్ని కాదు, ఎందుకో భయంగా ఉండేది.

ఒక పొద్దున అవ్వ వచ్చి కోడిపిల్లల మధ్య గొంతుక్కూర్చుంది. చాలాసేపు చూసి, ఒక ఎర్రటి పిల్లను వేలితో చూపించింది.

"అది మద్దిచెట్టు తల్లిది. బిడ్డ బతికి ఒళ్లో పడితే దాన్నిస్తనని మొక్కిన. పిల్లా, దాన్ని చేత్తో మేపకు. నేల మీదనే తిననీ."

"ఎందుకవ్వా?"

"మేపకంటే మేపకు. ప్రతిదానికి ఎందుకు ఎందుకంటవేంది!"

అదే చెప్పింది, అంతే చెప్పింది. ఆమె ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే ఈ కథ లేదు. నేను ఒక్క ముక్క తక్కువ అడిగే మనిషినై ఉన్నా లేదు.

ఆ ఎర్రపిల్ల అన్నిట్లోకీ అర్భకం. గిన్నీ పిల్లలు రెక్కతో ఒక్క తోపు తోస్తే వెల్లకిలా పడేది. చెదలు దులిపితే అది లేచి వచ్చేసరికి నేల ఊడ్చినట్టుండేది. నాలుగు రోజులు చూశాను. ఇలాగైతే తల్లికి ఇవ్వడానికి పిల్లే మిగలదు కదా అనుకున్నాను. అరచేతిలో కాసిని చెదలు పోసి, మిగతావాటికి కనబడకుండా గోడ పక్కకు తీసుకెళ్లి పెట్టాను. అది ముందు నా వేలు పొడిచింది, తర్వాత చెదలు తింది. అవ్వ మాట గుర్తులేక కాదు. చేత్తో మేపితే ఏమవుతుందో చూద్దామని కూడా ఉంది నాకు. ఆ మాట దాచడం దేనికి?

ఏమవుతుందంటే, చేతికి మరుగుతుంది. పదిహేను రోజుల్లో అది నేల మీద గింజ చూడడం మానేసింది. గ్లాసు మోగగానే మంద అంతా పళ్లెం వైపు పరుగెడితే ఇది నా కాళ్ల దగ్గరికి వచ్చి తలెత్తి నిలబడేది. అరచేతిలో నూకలు, ఉడకబెట్టిన మొక్కజొన్న, తరిగిన మునగాకు, ఏది పెట్టినా తినేది. అవే నేల మీద చల్లితే వాటి మీదే నడిచి నా దగ్గరికి వచ్చేది. నాకదంతా వింతగా, గొప్పగా ఉండేది. తురాయి లేచింది, తోక వంపు తిరిగింది, మెడ చుట్టూ ఎరుపు బంగారం రంగుకు తిరిగింది. అర్భకం కాస్తా అందరినీ దడిపించే పుంజైంది. నేను బట్టలుతుకుతుంటే రాయి పక్కన కాపలా ఉండేది. అది నాకు ఇష్టమని ఇప్పుడు రాయడానికి సిగ్గుపడను గాని, అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

పిల్లలను పంచుకునే కాలం వచ్చి దాటిపోయింది. అవ్వకు కూతురి ధ్యాస తప్ప ఇంకోటి లేదు. నాకూ తొందర లేదు. తొమ్మిదిట్లో ఆరు మిగిలాయి, ఆరూ మా ఇద్దరివీగానే ఉండిపోయాయి. మొక్కుది ఎలాగూ అవ్వదే కదా, దాన్ని పంచేదేముంది అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుంది.

అవ్వ కూతురిని నొప్పులు రాకముందే చర్ల తీసుకెళ్లి ఆసుపత్రిలో ఉంచారు. ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజు దాటింది. నెల తిరిగింది. రెండో నెల కూడా వెళ్లింది. అవ్వ ఇంటి ముందు నుంచి పోతే లోపల పసిదాని ఏడుపు వినబడేది, ఆ ఏడుపు వినడానికే అవసరం లేకపోయినా అటు నుంచి పోయేదాన్ని. అయితే బిడ్డను గడప దాటించలేదు, పేరు పెట్టలేదు. మొక్కు తీరాలి, తల్లి కోడిని ఒప్పుకోవాలి, అప్పుడే పేరు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ బిడ్డను ముద్దు పేరుతో కూడా పిలవలేదు. ఇద్దరు బిడ్డలకు తొందరపడి పేర్లు పెట్టుకున్న ఇల్లది.

మొక్కు రోజు ముందు సాయంత్రం అవ్వ పుంజు కోసం వచ్చింది. నేనే పట్టి ఇచ్చాను. "తీస్కపో అవ్వా, నీదేగా" అన్నాను. ఆమె దాని కాలికి దారం కట్టి చంకలో పెట్టుకుంది. అది ఆమె భుజం మీది నుంచి నా వైపే చూస్తూ పోయింది. ఆ పూట నేను మందకు మేత వేసి లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఊరి చివర మద్దిచెట్టు కింద, తల్లి రాళ్ల దగ్గర పాతికమంది చేరారు. అవ్వ కూతురు బిడ్డను గుడ్డలో చుట్టుకుని దూరంగా చాప మీద కూర్చుంది. పూజ చేసే పెద్దాయన అవ్వకు మరిది వరస. రాళ్లకు పసుపు పూసి, నేల అలికి, గుప్పెడు బియ్యం కుప్పగా పోశాడు. పుంజును దాని ముందు దింపి, వాళ్ల మాటలో మెల్లగా ఏదో అడిగాడు. కోడి ఆ గింజ పొడిచి మింగితే తల్లి ఒప్పుకున్నట్టు. ఇది ఈ పక్క అందరికీ తెలిసిందే, నేనూ ఎన్నోసార్లు చూశాను గాని, చేతి మేతతో ముడిపెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. అవ్వ ఎందుకు చేత్తో మేపవద్దందో నాకు అప్పుడు, ఆ బియ్యపు కుప్ప ముందు నిలబడినప్పుడు తెలిసింది.

పుంజు బియ్యం వైపు చూడలేదు. తల అటూ ఇటూ తిప్పింది. పెద్దాయన ఇంకో గుప్పెడు పోశాడు. అది ఆ గింజల మీద కాలు పెట్టి నిలబడింది. మూడోసారి పోశాడు. అవ్వ ముఖం చూశాను. ఆమె ఏడవడం లేదు, కూతురి ఒళ్లోని గుడ్డమూటనే చూస్తోంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

ఒక నిజం ఇక్కడే చెప్పాలి. నాలో ఒక మూల సంతోషంగా ఉంది. తినకు, తినకు, తినకపోతే బతుకుతావు అనుకుంటోంది ఆ మూల. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇంట్ల ఏమన్న తప్పు జరిగిందా? ఎవలతోనన్న మాట పడ్డరా?" పెద్దాయన అవ్వను అడిగాడు.

అవ్వ తల అడ్డంగా ఊపింది. చాప మీది పిల్ల బిడ్డను ఇంకా గట్టిగా దగ్గరికి తీసుకుంది. నేను ముందుకెళ్లాను.

"తప్పు వాళ్లది గాదు, నాది. అవ్వ వద్దన్నా నేను దాన్ని చేత్తో మేపిన. అది నేల మీద తినదు. మొక్కుకేం కాలేదు, దాని అలవాటే అంత" అన్నాను. ఏడుపు ఆపుకుంటూ అన్నానేమో, సగం మందికి వినబడలేదు.

అవ్వ నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెద్దాయన మాత్రం కోప్పడలేదు. గడ్డం గోక్కుంటూ ఇంకో సంగతి అడిగాడు.

"ఇది పాలు కోడి పిల్లనా?"

"అవు" అంది అవ్వ.

"పంచుకున్నరా?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"లేదు" అన్నాను.

"మరింకేంది! సగం ఈ కోడలు పిల్లదే గదా. సగమే ఇస్తే తల్లి ఎట్ల తీస్కుంటది? నీ సగం నువ్వు ఇయ్యాలె." ఆయన వంగి నేల మీది బియ్యం తీసి నా చేతిలో పోశాడు. "మనసుంటేనే ఇయ్యి. లేకపోతే లేదను. ఇంకో కోడిని జూస్కుంటరు. బలవంతం లేదు."

ఆ మాటతో నా పని మరీ కష్టమైంది. బలవంతం ఉంటే నా పాపం వాళ్ల మీద వేసి చేతులు దులుపుకునేదాన్ని. లేదంటే పుంజు ఇంటికొస్తుంది. బిడ్డ పేరు లేకుండా ఇంకో మొక్కు దాకా, ఇంకో కోడి ఎదిగిందాకా ఆ గడప లోపలే ఉంటుంది. మూసిన గుప్పిట్లో బియ్యం చెమటకు తడిసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

నేను కూర్చున్నాను. చెయ్యి ఇంకా పూర్తిగా తెరవనే లేదు, అది పరుగెత్తుకొచ్చి వేళ్ల సందుల్లోంచి గింజలు పొడవడం మొదలుపెట్టింది. అలవాటు ప్రకారం ముందు నా వేలు పొడిచింది. చెయ్యి తెరిచాను. ఆఖరు గింజ దాకా తింది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. పెద్దాయన దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

చేతులు కడుక్కుందామని చెంబు అందుకున్నాను. అరచేతికి బియ్యపు పిండి అంటుకుని ఉంది, దాని ముక్కు గుచ్చిన చోట ఎర్రగా ఉంది. ఆ చేతిని చూస్తుంటే నాకే భయంగా ఉంది. ఇన్ని నెలలూ దాన్ని నమ్మించిన చెయ్యి అది. ఎవరో నా చేతిలోంచి చెంబు లాక్కున్నారు. అవ్వ. ఆమె చంకలో బిడ్డ ఉంది.

"కడగకు. ఆ చేత్తోనే ఎత్తుకో" అంది.

"వద్దవ్వా."

"ఎత్తుకోమంటన్న గదా. సగం ఇచ్చినవు. పేరు ముందల నువ్వే పిలువు."

నా చేతుల్లో పెట్టేసింది. రెండు నెలల పిల్ల, నేననుకున్న దానికంటే బరువుగా ఉంది. వాళ్లు అనుకున్న పేరు అవ్వ నా చెవిలో చెప్పింది. నేను బిడ్డ చెవిలో చెప్పాను. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా చెప్పాను. అవ్వ కూతురు అప్పుడు ఏడ్చింది, ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నం ఆ కోడికూరతో నాకూ విస్తరి వేశారు. తిన్నాను. తినకపోతే ఇచ్చినట్టు కాదని అవ్వ పక్కనే కూర్చుని చూసింది.

తల్లే ఒప్పుకుందా, అలవాటుకొద్దీ అది తిందా అని చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను. అవ్వను అడిగితే నవ్వి, "మళ్ల ఎందుకా?" అంది. మిగిలిన అయిదింటిని ఆ వారమే ఎదురెదురుగా కూర్చుని పంచుకున్నాం. బేసి వచ్చినదాన్ని ఆమె నా వైపే తోసింది. ఆ తర్వాత నేను ఏ కోడినీ చేత్తో మేపలేదు.

పొద్దున్నే గ్లాసు మోగిస్తే ముందు బాతులొస్తాయన్నాను. అది నిరుటి దాకా ఉన్న మాట. ఈ ఏడు వాటికంటే ముందు తడిక సందులోంచి దూరి పక్కింటి పిల్ల వస్తోంది. బాతులను రెండు చేతులతో తోసేసి, నా కాళ్ల దగ్గర నిలబడి, తలెత్తి అరచెయ్యి చాపుతుంది. కాసిని మరమరాలు పోసి, పేరు పెట్టి పిలుస్తాను.